మరపిట్టల మేళం

సన్నని తీగ ఒకటి. ఆ తీగ మీద నాలుగు పిట్టలు. పిట్టలన్న మాటే గాని వాటికి ఒడలి నిండా ఈకలు లేవు, ఎగరడానికి చాలిన రెక్కలు లేవు. గీతలే కాళ్ళు, గీతలే మెడలు. తలలు మాత్రం పెద్దవి. ముక్కులు మాత్రం బాగా తెరచుకొని ఉన్నవి. తీగ కుడివైపు కొస వంకరలు తిరిగి, పూర్వం బస్సును కదిలించడానికి దిగివచ్చి ముందువైపున తిప్పే ఇనుపకడ్డీ వంటి పిడిగా ముగిసింది. పిడి తిప్పితే తీగ తిరగవలె. తీగ తిరిగితే పిట్టలు ఎగిరిపడుతూ పాడవలె. చిత్రంలో పిడి ఉన్నది. దానిని తిప్పే చేయి మాత్రం లేదు.

ఈ చిన్న చిత్రాన్ని పాల్ క్లే 1922లో, జర్మనీలోని వైమార్ నగరంలో ఉపాధ్యాయుడుగా ఉన్న కాలంలో చిత్రించాడు. జర్మన్ భాషలో ఆయన పెట్టిన పేరుకు "కిలకిల యంత్రం" అని అర్థం. 1939 నుంచి ఇది న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియంలో ఉన్నది. అంటించిన అట్టతో కలిపి కొలిచినా రమారమి 64 సెంటీమీటర్ల ఎత్తు, 48 సెంటీమీటర్ల వెడల్పు, అంతే. గోడ నిండా పరచుకొనే తైలవర్ణ చిత్రాల నడుమ దీనిని చూడకుండానే దాటిపోవచ్చును. కాని ఒకసారి నిలిచి చూచినవారు ముందు నవ్వుతారు. నవ్వు ఆగిన తరువాత ఏదో ఒక అనుమానం వారి మనస్సులో మిగిలిపోతుంది. ఆ అనుమానమేమిటో తెలియాలంటే ఈ మేళగాళ్ళను కొంచెం దగ్గరగా చూడవలె.

నలుగురు గాయకులూ ఒకే తీగను ఆశ్రయించినవారే అయినా నలుగురి పాటా ఒకటి కాదు. ఒక పిట్ట నోట ఆశ్చర్యార్థక చిహ్నం వంటి గుర్తు లేచింది. అది గొంతెత్తి పాడుతున్నదన్న మాట. మరొకదాని నోట బాణం ఉన్నది. దాని స్వరం సూటిగా, చెవిలో గుచ్చుకొనేటట్లు వెలువడుతూ ఉండవలె. ఇంకొకదాని నాలుక వాడిన తీగవలె వేలాడుతున్నది. దానికి ఊపిరి చాలలేదు. మిగిలినది పాట మధ్యలో తడబడుతున్నది. కాగితం మీద ధ్వని లేదు. కాని నాలుకల తీరునుబట్టి హెచ్చు స్థాయి, తగ్గు స్థాయి, వాడి, అలసట మనకు వినవస్తున్నవి. ఆ నాలుకలే ఈ చిత్రానికి స్వరలిపి. పిచ్చుకల గుంపు అరుపు ఆగిందనుకొన్నంతలో మళ్ళీ మొదలుపెట్టడం మనమందరం ఎరిగినదే. పిడి మరొక చుట్టు తిరిగితే అలసిన ఈ పిట్టలు కూడా అదే విధంగా మళ్ళీ తలలెత్తవలసినవే.

తీగ క్రింద పెట్టె వంటి ఆకారం ఒకటి ఉన్నది. చూచేవారి మనస్సునుబట్టి అది కచేరీ వేదిక కావచ్చును, యంత్రానికి పీఠం కావచ్చును, జారిపడిన గాయకుని కోసం తవ్విన గొయ్యి అయినా కావచ్చును. వెనుక ఆకాశం నీలి వన్నెతో, నడుమ నడుమ గులాబి, ఊదా ఛాయలతో మంచులాగా వ్యాపించింది. అది పక్షులు మేలుకొనే వేళ వెలుతురు వంటిది. ప్రకృతి అంతా నిజమైన కిలకిలారావానికి సిద్ధమై ఉన్నట్లు తోస్తున్నది. ముందున్న పిట్టలు మాత్రం మర తిరిగితే గాని పాడలేవు. చిత్రంలోని హాస్యానికీ, హాస్యం వెనుక ఉన్న దిగులుకూ ఈ పొత్తు కుదరకపోవడమే మూలం.

గీతలు గీచిన పద్ధతి కూడా గమనింపదగినది. క్లే ఈ చిత్రంలో గీతలను నేరుగా కలంతో వేయలేదు. ఒక కాగితానికి నల్లని తైలవర్ణం పూసి, దానిని బోర్లించి శుభ్రమైన కాగితం మీద పరిచేవాడు. దాని పైన తాను ముందుగా వేసుకొన్న రేఖాచిత్రాన్ని ఉంచి సూది వంటి మొనతో గీతల వెంట నొక్కుతూ పోయేవాడు. మన కచేరీలలో, బడులలో నకళ్ళు తీయడానికి వాడుతూ వచ్చిన కార్బన్ కాగితం పని వంటిదే ఇది. ఈ విధంగా దిగిన గీత కలం గీతవలె నున్నగా ఉండదు. అంచులు నూగుగా, కొంచెం వణికినట్లుగా ఉంటుంది. చేయి ఆనిన చోటల్లా నల్లని మరకలు పడతాయి. ఆ తరువాత నీటిరంగులు పూస్తే తైలంతో పడిన గీత నీటికి కరగదు. రంగు దాని చుట్టూ పారుతుంది. ఈ పిట్టల గీతలు తుప్పుపట్టిన తీగలవలె కనబడడానికీ, ఆకాశం తడిగా కనబడడానికీ కారణం ఇదే. యంత్రాన్ని గూర్చిన చిత్రాన్ని కొంత యాంత్రికమైన పద్ధతిలోనే దింపి, చేతి వణుకును మాత్రం దాచకుండా ఉంచాడు చిత్రకారుడు.

ఈ చిత్రకారుడు పాట అంటే ఏమిటో తెలియక పరిహాసం చేసినవాడు కాదు. క్లే 1879 డిసెంబరు 18వ తేదీన స్విట్జర్లండులోని బెర్న్ నగర సమీపాన, ముంచెన్‌బుక్సే అనే ఊరిలో జన్మించాడు. తండ్రి హాన్స్ క్లే ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో సంగీత బోధకుడు. తల్లి ఈడా గానవిద్య నేర్చిన గాయని. ఏడవ ఏట బాలుని చేతికి ఫిడేలు వచ్చింది. పదకొండవ ఏటికే బెర్న్ నగర వాద్యబృందంలో కూర్చొని వాయించే అర్హత లభించింది. ఇంటిల్లిపాదీ అతడు విద్వాంసుడవుతాడనే ఎదురుచూచారు. కాని 1898లో అతడు చిత్రలేఖనం నేర్చుకోవడానికి మ్యూనిక్ నగరానికి వెళ్ళాడు. సంగీతం మొజార్ట్ కాలానికే తన శిఖరాన్ని అందుకొన్నదనీ, చేయవలసిన పని చిత్రకళలోనే ఇంకా మిగిలి ఉన్నదనీ ఆయన అభిప్రాయం.

అయినా ఫిడేలు ఆయనను విడిచిపెట్టలేదు. 1902 నుంచి 1906 వరకు బెర్న్‌లో తల్లిదండ్రుల వద్ద ఉన్న కాలంలో వాద్యబృందంలో వాయించి కొంత సంపాదించుకొన్నాడు. 1906లో లిల్లీ స్టుంఫ్ అనే పియానో విద్వాంసురాలిని వివాహమాడి మ్యూనిక్‌లో కాపురం పెట్టాడు. చాలాకాలం ఆమె పియానో పాఠాలు చెప్పి తెచ్చిన రాబడితోనే సంసారం గడిచింది. ఆమె పాఠాలకు వెళ్ళగా క్లే ఇంటిపట్టున ఉండి వంట చేసేవాడు, 1907లో పుట్టిన కుమారుని పెంచేవాడు, మిగిలిన వేళ బొమ్మలు వేసేవాడు. దంపతులిద్దరూ కలిసి బాక్, మొజార్ట్ కృతులను వాయించుకొనేవారు. ఆ ఇంటిలో సంగీతం పండుగనాటి వేడుక కాదు, నిత్యకృత్యం. రంగులో తనకు నిజమైన ప్రవేశం లభించినది 1914 ఏప్రిల్‌లో మిత్రులు ఆగస్ట్ మాకె, లూయీ మోయెలతో కలిసి ట్యునీషియాకు వెళ్ళినప్పుడని ఆయన భావించాడు. ఆ సెప్టెంబరులోనే మాకె యుద్ధరంగంలో మరణించాడు.

1916లో సైన్యం క్లేను కూడా పిలిచింది. ఆయనను వైమానిక దళానికి అప్పగించారు. అక్కడ విమానాలకు రంగులు పూశాడు. తరువాత విమాన శిక్షణ కేంద్రంలో జీతాల లెక్కలు వ్రాశాడు. మనిషి చేసిన పక్షులు ఎగరడమూ, కూలడమూ ప్రతిదినం చూడవలసిన ఉద్యోగమది. ఆ అనుభవమే ఈ చిత్రమైనదని తేల్చి చెప్పడం సాహసం. కాని ఎగిరే మరపక్షుల నడుమ కొన్నేళ్ళు గడిపినవాడు యుద్ధానంతరం పాడే మరపక్షులను గీశాడన్న సంగతిని విస్మరించలేము.

1921 జనవరిలో క్లే వైమార్‌లోని బౌహౌస్ పాఠశాలలో బోధన ఆరంభించాడు. వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన ఈ పాఠశాలలో చిత్రకారులూ, వడ్రంగులూ, నేతపనివారూ, కుమ్మరులూ ఒక కప్పు క్రింద పనిచేసేవారు. యంత్రయుగంలో కళకు స్థానమెక్కడ అన్న ప్రశ్న అక్కడ ప్రతి గదిలోనూ వినబడేది. క్లే తన పాఠాలను ముందుగా వ్రాసుకొని, బొమ్మలు గీచుకొని తరగతికి వెళ్ళేవాడు. 1922లో ఒక పాఠంలో బాక్ కృతిలోని కొన్ని స్వరపంక్తులను తీసుకొని, స్వరం ఎంత పైకి పోయిందో, ఎంతసేపు నిలిచిందో, రెండు వరుసలు ఎక్కడ కలిసి ఎక్కడ విడిపోయినవో గీతల ద్వారా చూపాడు. చెవికి అందేదానిని కంటికి అందించడం ఆయన బోధనలో ఒక ముఖ్యాంశం. మొక్క ఎట్లా పెరుగుతుంది, నీరు ఎట్లా పారుతుంది, చుక్క కదిలితే గీత ఎట్లా పుడుతుంది అన్నవే ఆయన పాఠాలు. తయారైన రూపాన్ని అనుకరించడం కంటె, రూపం తయారయ్యే తీరును తెలుసుకోవడం మేలని ఆయన మతం. ఆ పాఠాలలో కొంత భాగం 1925లో పుస్తకంగా వెలువడింది.

ఆ పాఠాలు చెప్పిన సంవత్సరంలోనే ఈ కిలకిల యంత్రం పుట్టింది. క్లే తన చిత్రాలకు పట్టిక వ్రాసిపెట్టుకొనే అలవాటు కలవాడు. ఆ ఏటి పట్టికలో దీని సంఖ్య 151. పొద్దున స్వరగతిని గీతలుగా విప్పి చెప్పే ఉపాధ్యాయుడే మరొక పూట గాయకులను తీగకు బిగించి పిడి అమర్చాడు. ఈ రెండు పనులకు విరోధం లేదు. పాట లోపలినుంచి ఎట్లా పెరుగుతుందో తెలిసినవానికే, బయటినుంచి తిప్పి పాడించే పాట ఎంత వింతగా, ఎంత జాలిగా ఉంటుందో తెలుస్తుంది.

తిప్పి పాడించడం ఐరోపాలో చాలాకాలంగా ఉన్న ముచ్చటే. పదునెనిమిదవ శతాబ్దంలో ఫ్రాన్సులో "సెరినెత్" అనే చిన్న వాద్యపు పెట్టె ఉండేది. దానికొక పిడి. పిడి తిప్పితే ఒక చిన్న వరుస సన్నని ఈలగా వెలువడేది. పంజరంలోని పక్షి ముందు కూర్చొని ఆ పెట్టెను మళ్ళీ మళ్ళీ తిప్పి, తనకు సహజంగా రాని ఆ వరుసను పక్షికి అలవాటు చేసేవారు. యంత్రం పక్షికి గురువైన కాలమది. 1843లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ వ్రాసిన నైటింగేల్ పిట్ట కథలో నిజమైన పిట్టను కాదని రాజాస్థానం మరపిట్టను నెత్తిన పెట్టుకొంటుంది. క్లే చిత్రించే నాటికి గ్రామఫోను పెట్టెలు ఇండ్లలోకి వచ్చినవి. కీ ఇస్తే విద్వాంసుడు పాడేవాడు, కీ తగ్గితే విద్వాంసుని గొంతు మూలుగుగా మారేది. మన పెద్దలలో ఆ మూలుగు విన్నవారు చాలామంది ఉన్నారు. నాలుక వేలాడవేసిన ఆ పిట్టను చూస్తే వారికి ఆ మూలుగే జ్ఞాపకం రాగలదు.

అదే సంవత్సరం డిసెంబరులో బౌహౌస్ చిత్రాలు మన దేశానికి వచ్చినవి. శాంతినికేతనంలో బోధిస్తున్న కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్‌రిష్ చొరవతో, కలకత్తాలోని ప్రాచ్య కళాసమితి తన వార్షిక ప్రదర్శనంలో వాటికి స్థానమిచ్చింది. కాండిన్‌స్కీ చిత్రాలతో పాటు క్లే నీటిరంగుల చిత్రాలు కూడా అక్కడ వ్రేలాడినవి. అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్, నందలాల్ మొదలైనవారి చిత్రాలు వాటి సరసనే ఉన్నవి. ఐరోపాలోనే చాలామందికి క్లే పేరు తెలియని కాలంలో ఆయన కాగితాలు సముద్రం దాటి వంగదేశంలో ప్రేక్షకుల ముందు నిలవడం భారతీయ కళాచరిత్రలో జ్ఞాపకముంచుకోదగిన ఘట్టం.

కిలకిల యంత్రాన్ని 1923లో బెర్లిన్ జాతీయ చిత్రశాల కొన్నది. అక్కడి ఆధునిక విభాగంలో అది పదునాలుగేండ్లు ఉన్నది. ఈలోగా జర్మనీలో వేరొక పిడి తిరగనారంభించింది. 1933 జనవరిలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. అప్పటికి క్లే డ్యుసెల్‌డోర్ఫ్ కళాశాలలో ఆచార్యుడు. మార్చిలో ఆయన ఇల్లు సోదా చేశారు; ఏప్రిల్‌లో ఉద్యోగం నుంచి తప్పించారు. ఆ సంవత్సరాంతానికి ఆయన భార్యతో పుట్టిన సీమకు, బెర్న్ నగరానికి చేరుకొన్నాడు. జర్మనీలో కళ అంతా ఒకే వరుసను, ఒకే స్థాయిలో పాడవలెనని శాసనమైంది. పాడనివారిని దేశద్రోహులుగా, మతిలేనివారుగా జమకట్టారు. 1937లో చిత్రశాలలు గాలించి క్లే కృతులు 102 స్వాధీనం చేసుకొన్నారు. మ్యూనిక్‌లో "భ్రష్టకళ" అనే పేరిట, జనం వెక్కిరించడానికి ఏర్పాటైన ప్రదర్శనంలో ఆయన కృతులు 17 పెట్టారు. బెర్లిన్ గోడమీది కిలకిల యంత్రం కూడా ఆ ఏడే దిగిపోయింది.

విచిత్రమేమంటే, భ్రష్టమని తిట్టిన చిత్రాలను ఆ ప్రభుత్వం తగులబెట్టి ఊరుకోలేదు. విదేశీ ద్రవ్యం కోసం చాలావాటిని వర్తకుల ద్వారా అమ్ముకొన్నది. ఆ విధంగానే ఈ నాలుగు పిట్టలు 1939లో అట్లాంటిక్ మహాసముద్రం దాటి న్యూయార్కు చేరినవి. ఎగరలేని పిట్టలు అంత దూరం పోయినవి. వాటిని సృష్టించినవాడు మాత్రం కదలలేని స్థితిలో పడ్డాడు. 1935లో క్లేకు జబ్బు పట్టుకొన్నది. చర్మమూ, లోపలి అవయవాలూ క్రమంగా బిగిసిపోయే వ్యాధిగా అది తరువాత గుర్తింపబడింది. బిగిసిపోతున్న ఆ శరీరంతోనే ఆయన 1939 సంవత్సరం ఒక్కదానిలో 1,200కు మించి చిత్రాలు వేశాడు. గీతలు లావైనవి, మాటలు తక్కువైనవి, కాని చేయి ఆగలేదు. పుట్టుక స్విట్జర్లండులోనే అయినా తండ్రి జర్మన్ పౌరుడు కావడం వల్ల ఆయన కూడా జర్మన్ పౌరుడే. స్విస్ పౌరసత్వం కోసం పెట్టుకొన్న దరఖాస్తు తేలకముందే, 1940 జూన్ 29వ తేదీన లొకార్నో సమీపంలో కన్నుమూశాడు.

సంగీతం నుంచి పుట్టిన చిత్రం తిరిగి సంగీతంలోకి వెళ్ళిన ఉదంతం ఇంకొకటి ఉన్నది. 1950లో జర్మన్ స్వరకర్త గిజెల్హెర్ క్లేబే ఈ చిత్రం పేరుతోనే వాద్యబృందానికి ఒక కృతి రచించాడు. అమెరికన్ స్వరకర్త గుంథర్ షుల్లర్ 1959లో క్లే చిత్రాలు ఏడింటిని తీసుకొని స్వరరచన చేసినప్పుడు కిలకిల యంత్రం కూడా వాటిలో ఒకటైంది. కాగితం మీద మూగగా ఉన్న నాలుగు నాలుకలకు సజీవులైన వాద్యకారులు ధ్వనినిచ్చారు. ఈసారి వారు ఎవరో తిప్పితే వాయించలేదు. చిత్రాన్ని చూచి, ఆలోచించి, నవ్వుకొని వాయించారు.

ఈ చిత్రం మన బడులకు సుదూరమైన విషయం కాదు. ఎక్కాలు గాని, పద్యం గాని కంఠస్థం చేయడం తప్పు కాదు. కంఠంలో లేని విద్య సమయానికి అక్కరకు రాదు. క్లే సైతం బాల్యంలో ఫిడేలు మీద చేసిన సాధన అంతా వల్లెవేయడమే. కాని వల్లెవేసిన వరుస కొన్నాళ్ళకు తనదై, తన లోపలినుంచి పలకవలె. పరీక్ష అనే పిడి తిరిగినంతసేపు పలికి, అది ఆగగానే నాలుక వేలాడవేసే చదువు ఎటువంటిదో ఈ మరపిట్టలు ఒక చూపులో చెప్పగలవు. పిడి చేతిలో ఉన్నవానికి నలుగురూ ఒక్క గొంతుతో పాడడం ముద్దుగానే ఉంటుంది. అలసట తీగ మీద ఉన్నవానికే తెలుస్తుంది.

ఈ చిత్రపు అచ్చు ప్రతి ఒకటి సంపాదించి తరగతి గోడకు తగిలించడం కష్టం కాదు. ఆ నాలుగు పిట్టలలో ఏది ఎట్లా పాడుతున్నదని పిల్లలను అడిగితే సమాధానాలకు కొదువ ఉండదు. ఒకరికి నవ్వు వస్తుంది, ఒకరికి జాలి కలుగుతుంది, మరొకరు పిట్టలను తీగ నుంచి విడిపించే ఉపాయం చెబుతారు. చివరకు ఎవరో ఒక చిన్నవాడు లేచి, ఆ పిడి ఎవరు తిప్పుతారని అడుగుతాడు. ఆ ప్రశ్న వినగానే ఉపాధ్యాయుడు ఒక క్షణం తన చేతిని చూచుకొన్నా ఆశ్చర్యం లేదు.